గోడల మీద అరుగులు, అరుగుల మీద ఊళ్ళు

గత సంచిక నడిమి పేజీల్లో స్విట్జర్లాండులోని లౌటర్‌బ్రున్నెన్ లోయ ఫొటో వేశాం. దాని మీద తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. సినిమా పాటల్లో చూసిన చోటే కదా అని అడిగినవాళ్ళే ఎక్కువ. అవి పక్కనబెట్టి, నిజంగా ప్రశ్న ఉన్న ఉత్తరాలకు ఈసారి శీర్షికంతా ఇస్తున్నాం. ముందుగా కొలతలు. ఈ ఊరు బెర్న్ కాంటన్‌లో (కాంటన్ అంటే అక్కడి రాష్ట్రం) ఇంటర్‌లాకెన్ పట్టణానికి దక్షిణాన ఉంది. విస్తీర్ణం సుమారు 164 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 2,400. మన లెక్కలో చిన్న పంచాయతీకి ఉండేంత జనం, మండలానికి ఉండేంత నేల. ఆ నేలలో ఎక్కువ భాగం రాయీ మంచే.

ప్రశ్న: తలకోనలో కొండలు రెండూ కింద ఇరుకుగా కలుసుకుంటాయి. ఫొటోలో లోయ అడుగు మాత్రం చాప పరిచినట్టుంది, పక్కలు గోడ కట్టినట్టున్నాయి. ఈ తేడా ఎందుకు?
– టీచర్, పాకాల

తలకోనను కోసింది నీరు. అక్కడ కోసింది మంచు. నీరు సన్నటి రంపం లాంటిది, తను పారే అడుగునే కోసుకుంటూ దిగుతుంది. పక్కలు వానకు రాలి ఏటవాలుగా మారతాయి, అందుకే కోన అడుగు ఇరుకు. హిమానీనదం పని వేరు. వందల మీటర్ల మందాన లోయ నిండా కూర్చుని, ఏడాదికి కొన్ని మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్ల దాకా జరుగుతుంది. అడుగునూ పక్కలనూ ఒకేసారి చిత్రిక పడుతుంది. ఆ చిత్రికకు అలుగు మంచు కాదు, మంచు అడుగున ఇరుక్కుని వచ్చే బండరాళ్ళు. సుమారు 12 వేల ఏళ్ళ కిందట చివరి మంచుయుగం ముగిసి ఆ మంచు వెనక్కి తగ్గింది. తొట్టిలాంటి లోయ మిగిలింది. వాగులు తెచ్చిన గులకా ఇసుకా దాని అడుగును నింపి చదును చేశాయి. లోయ నేల వెడల్పు కిలోమీటరు అటూ ఇటూ. ఊరి దగ్గర ఎత్తు 795 మీటర్లు. ఆరేడు కిలోమీటర్లు పైకి పోయి ష్టెఖెల్‌బెర్గ్ దగ్గర రోడ్డు ఆగిపోయేచోట కూడా సుమారు 900 మీటర్లే. గోడలు అంత నిటారుగా నిలవడానికి ఇంకో కారణం రాయి. అది సున్నపురాయి, పొరలు పొరలుగా నిలువునా విరిగే రకం.

ఇక్కడ అసలు గమనించాల్సింది గోడ పైఅంచు. పెద్ద హిమానీనదం లోతుగా తొలిచినచోట గోడ లేచింది, దానికి పైన అంతగా తొలవని వాలు మిగిలిపోయింది. మన ఇళ్ళ ముందు అరుగుల్లాగా లోయకు రెండు వైపులా ఆ గట్లు నిలిచాయి. తూర్పు అరుగు మీద వెంగెన్ (1,274 మీటర్లు), పడమటి అరుగు మీద మ్యూరెన్ (1,638), గిమ్మెల్‌వాల్ట్ (1,367). పక్క వాగులకు పెద్ద హిమానీనదమంత బలం లేదు, కాబట్టి వాటి లోయలు అరుగు ఎత్తులోనే వేలాడుతూ ఆగిపోయాయి. అక్కడి నుంచి నీటికి దూకడం తప్ప దారి లేదు. ష్టౌబ్‌బాఖ్ జలపాతం దూకేది 297 మీటర్లు. తలకోన 82 మీటర్లు.

టీచరుగారు కాబట్టి ఇంకో మాట. తిరుమల ఘాట్ రోడ్డు కోతల్లో కింద ముసలి గ్రానైటు, దాని మీద వయసులో చిన్నదైన నగరి క్వార్ట్‌జైటు (ఇసుకరాయి గట్టిపడిన రాయి) కనిపిస్తాయి. రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ళ చరిత్ర గల్లంతు. జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది ఆ రెండు రాళ్ళూ కలిసే గీతనే. ముసలిది కింద, చిన్నది పైన, అదీ క్రమం. లౌటర్‌బ్రున్నెన్ నెత్తిన ఉన్న 4,158 మీటర్ల యుంగ్‌ఫ్రావ్ శిఖరంలో ఆ క్రమం తలకిందులైంది. పైన నైస్ అనే ముసలి రాయి, దాని కింద సున్నపురాయి. ఆల్ప్స్ ముడుచుకుపోయినప్పుడు దక్షిణం నుంచి వచ్చిన పలకలు వయసులో చిన్న రాళ్ళ మీదికి ఎక్కేశాయి. పిల్లలకు ఈ రెండు కొండలూ పక్కపక్కన గీసి చూపించండి.

ప్రశ్న: కపిలతీర్థంలో నీళ్ళు దూకేది కార్తీకం వానలకే. మేలో వెళ్తే తడి గోడ కనిపిస్తుంది. అక్కడ జూన్, జూలైల్లోనే జలపాతాలు జోరు అంటారు, నిజమా?
– తిరుపతి

నిజమే, కాకపోతే అన్నీ ఒక తీరువి కావు. మన దగ్గర నీటి లెక్క ఈశాన్య రుతుపవనాలది. అక్కడ చలికాలమంతా పడింది పైనే గడ్డకట్టి నిలవ ఉంటుంది, ఎండ ముదిరితే కిందికి వస్తుంది. ట్రూమెల్‌బాఖ్ అన్నది ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ అనే మూడు శిఖరాల ఉత్తరపు మంచు కరిగిన నీటిని తెచ్చే వాగు. సుమారు 24 చదరపు కిలోమీటర్ల పరివాహక ప్రాంతం నుంచి సెకనుకు 20,000 లీటర్ల దాకా తెస్తుంది. పదివేల లీటర్ల ట్యాంకర్లు సెకనుకు రెండేసి దొర్లినట్టు లెక్క. పైగా కొండ లోపలే దూకుతుంది, రాతిని మెలికలు మెలికలుగా తొలుచుకుంటూ పది మెట్లుగా. ఏడాదికి 20 వేల టన్నుల పైగా రాళ్ళూ ఇసుకా మోసుకొస్తుంది. తొలిచే పనిముట్లు ఆ రాళ్ళే. లోపల సొరంగంలో లిఫ్టు ఉంది. చలికాలంలో మూసేస్తారు. ఎండ రోజున మధ్యాహ్నం దాటాక, అంటే పైన కరిగిన నీళ్ళు కిందికి చేరాక, హోరు పెరుగుతుంది.

ష్టౌబ్‌బాఖ్‌కు నెత్తిన హిమానీనదం లేదు. వసంతంలో మంచు కరిగేదాకా, ఆపైన వాన పడ్డప్పుడు బలంగా ఉంటుంది. వాన లేని సెప్టెంబరులో గాలికి ఊగే పొగ చారలా మారుతుంది. ‘ష్టౌబ్’ అంటే దుమ్ము, ‘బాఖ్’ అంటే వాగు. దుమ్మువాగు అన్న పేరు ఆ చారను చూసి పెట్టిందే. యాత్రా పుస్తకాల్లో ఈ లోయలో 72 జలపాతాలని రాస్తారు. ఆ అంకెను పట్టుకుని లెక్కపెట్టడానికి పూనుకోకండి. వాన పడిన మర్నాడు అంతకు మించి కనిపిస్తాయి, పడని వారం సగం కూడా ఉండవు.

ప్రశ్న: ఆ నోరు తిరగని పేరుకు అర్థమేమిటి? ఊరు ఎంత పాతది?
– శ్రీకాళహస్తి

1240 నాటి లాటిన్ పత్రంలో ‘ఇన్ క్లారో ఫోంతె’ అని ఉంది, తేట ఊట దగ్గర అని. 1304 నాటికి జర్మన్‌లో ‘లూటర్‌బ్రున్నెన్’ అయింది. మన తీరున పిలవాలంటే తేటఊటకోన.

ఆ 1240 పత్రం అమ్మకానిది. వేడెన్స్‌విల్ ప్రభువు పక్క లోయ అయిన సెఫినెన్‌టాల్‌ను ఇంటర్‌లాకెన్ మఠానికి అమ్మాడు. అప్పటికి లోయలో కాపురాలు అంతంతే. కాపురాలు పెట్టినవాళ్ళు కింద నుంచి వచ్చినవాళ్ళు కాదు. దక్షిణాన మంచుకొండల అవతల ల్యోట్షెన్‌టాల్ లోయలోని వాల్సర్ జనాన్ని 1295 ప్రాంతం నుంచి టూర్న్ ప్రభువులు తెచ్చి ఎత్తు నేలల్లో దించారు. ఎత్తులోనే బతకడం తెలిసిన జనం వాళ్ళు. వచ్చి గిమ్మెల్‌వాల్ట్, మ్యూరెన్ అరుగులు పట్టుకున్నారు. దానికి లెక్క ఉంది. లోయ అడుగున చలికాలం గోడల నీడలోనే గడిచిపోతుంది, ఎండ తగిలేది కొద్ది గంటలు. పైన అరుగు మీద ఎండ ఎక్కువసేపు ఉంటుంది, గడ్డి పెరుగుతుంది, వాగు పొంగినా ఇంట్లోకి రాదు. ఊరి పెద్ద, చర్చి, కచేరీ అడుగున ఉన్నా బతుకు మాత్రం అరుగుల మీదే నడిచింది.

1346 నాటికి ఒక్కో ఊరికీ సొంత కట్టుబాటు ఉంది. 1349లో మఠం మీద తిరగబడితే మఠం అణచేసింది. 1528లో బెర్న్ నగరం మతసంస్కరణ తెచ్చి మఠాన్నే రద్దు చేసింది. ఆ ఏడే ఓబర్‌లాండ్ (బెర్న్ దక్షిణపు కొండసీమ) జనం పాత మఠం పక్షాన తిరగబడ్డారు. తమను అణచిన మఠం కోసమే తిరగబడటం వింతగా తోస్తుంది గానీ, కొత్త దొర పన్ను పాత దొర పన్ను కన్నా బరువనిపిస్తే అలాగే జరుగుతుంది. 1798లో ఓబర్‌లాండ్ పేరుతో వేరే కాంటన్ ఏర్పడి, 1803లో తిరిగి బెర్న్‌లో కలిసిపోయింది. 1911లో పుట్టిన చిత్తూరు జిల్లా నుంచి 2022లో తిరుపతి జిల్లా విడిపోవడం చూసిన మనకు సరిహద్దు గీతలు జరగడం కొత్తేమీ కాదు. ఈ ఊరి గీత కూడా జరిగింది. పక్కనున్న ఈజెన్‌ఫ్లూ అనే చిన్న గెమైండె (అక్కడి పంచాయతీ) 1973లో ఇందులో కలిసింది.

ప్రశ్న: ఆవుల్ని ఎండాకాలం కొండ మీదికి తోలుకుపోతారట. పాలు కిందికి ఎట్ల తెస్తారు? ఎవరు ఎన్ని ఆవులు తోలాలనేది ఎవరు చెప్తారు?
– పాడి రైతు, పలమనేరు

పాలు తేరు. పైనే జున్నుగడ్డ చేసి, దాన్ని తెస్తారు. మనం ‘ఆల్ప్స్’ అంటే కొండలనుకుంటాం. అక్కడి రైతుకు ‘ఆల్ప్’ అంటే వేసవి మేతబీడు. మే నెలలో అరుగుకు కాస్త పైనున్న నడిమి బీడుకు, జూన్‌లో అసలు ఆల్ప్‌కు, సెప్టెంబరులో అదే మెట్ల మీదుగా కిందికి. గడ్డి ఎదిగే వరుస అదే, ఆవులు గడ్డి వెంట ఎక్కుతాయి. ఆవులు పైనుండే మూడు నెలల్లో కింది పొలాలు ఖాళీ కాబట్టి, వాటిల్లో గడ్డి కోసి ఎండబెట్టి కొట్టం అటక మీదికి ఎక్కిస్తారు.

రెండో ప్రశ్నకు జవాబు ఆ అటకలోనే ఉంది. ఆల్ప్ ఒక్కరిది కాదు, ఉమ్మడిది. అందరూ ఇష్టమొచ్చినన్ని తోలితే రెండేళ్ళలో బీడు బోడి అవుతుంది. అందుకని పాత కట్టుబాటు ఇలా ఉండేది: చలికాలం నీ గడ్డితో ఎన్నింటిని మేపగలవో అన్నింటినే పైకి తోలు. పక్క కాంటన్ వాలిస్‌లోని ట్యోర్బెల్ ఊళ్ళో ఇది 1517లోనే రాతపూర్వకంగా ఉంది. రోజుకు 15 కిలోల ఎండుగడ్డి అనుకుంటే 200 రోజులకు ఆవుకు 3 టన్నులు. కొండవాలున కొడవలితో కోసిన గడ్డిలో అది పెద్ద బరువు. కాబట్టి ఎవరి మంద ఎంతో ఆ అటకే తేల్చేస్తుంది, కొలిచేవాడితో పనిలేదు. ఇప్పటికీ మేత హక్కును ‘ఆవు హక్కు’ అనే లెక్కనే చెప్పుకుంటారు.

జున్ను అంటే మన ఈనిన ఆవు జున్ను కాదు, గట్టి చీజ్. పది లీటర్ల పాలకు సుమారు ఒక కిలో వస్తుంది. రాగి కాగులో పాలను 32 డిగ్రీల దాకా కాచి రెన్నెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం) కలుపుతారు. అరగంట దాటాక పెరుగులా గట్టిపడిన దాన్ని తీగలు బిగించిన చట్రంతో గోధుమ గింజంత ముక్కలుగా కోస్తారు. కలుపుతూ 50 డిగ్రీల దగ్గరికి వేడి చేసి, గుడ్డతో ఎత్తి అచ్చులో పోసి దాదాపు ఒక రోజు బరువు కింద ఉంచుతారు. తర్వాత ఉప్పునీటి తొట్టి, ఆ తర్వాత నేలమాళిగలో నెలల తరబడి రోజూ తిప్పడం, ఉప్పునీటితో తుడవడం. తరిగి తినే గట్టి రకానికి కనీసం ఏడాదిన్నర మాగాలి. చెడేది ఎక్కడంటే, ముక్కలు సమానంగా కోయకపోతే పెద్ద ముక్కల్లో నీళ్ళు నిలిచి లోపల పులుస్తుంది. మీ బోటి వాళ్ళు గమనించాల్సింది ఇంకొకటి: ఈ చీజ్‌కు పాలిచ్చే ఆవులకు పాతరగడ్డి (సైలేజీ) పెట్టరు. సైలేజీలోని ఒక జాతి సూక్ష్మజీవుల బీజాలు పాలలోకి వస్తాయి. పాలు వేడి చేసినా ఆ బీజాలు తేలిగ్గా చావవు. నెలల తర్వాత గ్యాసు పుట్టించి గడ్డను ఉబ్బించి పగలగొడతాయి. డెయిరీకి పోసే పాలకు ఈ బాధ లేదు. మీరు సైలేజీ మానాల్సిన పని లేదు.

ప్రశ్న: నిటారు గోడ మీది ఊళ్ళకు రైలు ఎట్లా ఎక్కిస్తారు? ఊటీ రైలు లాంటిదేనా?
– రైల్వే విశ్రాంత ఉద్యోగి, రేణిగుంట

ఊటీ రైలు జాతే, కానీ ఇంకా మొండిది. ఊటీ దారిలో ఎక్కుడు 12 మీటర్లకు ఒక మీటరు. లౌటర్‌బ్రున్నెన్ నుంచి వెంగెన్ మీదుగా 2,061 మీటర్ల క్లైనె షైడెగ్ కనుమ దాటి గ్రిండెల్‌వాల్ట్‌లో దిగే వెంగెర్నాల్ప్ రైలుకు (1893) కొన్నిచోట్ల 4 మీటర్లకే ఒక మీటరు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారకుండా ఎక్కగలిగేది సుమారు 7 శాతం దాకా. అంతకు మించితే పట్టాల మధ్య పళ్ళ కమ్మీ వేసి, ఇంజను కింద పళ్ళచక్రాన్ని దానికి తగిలించాలి. ఊటీ దారిలో కొంత మేరకే పళ్ళు. ఇక్కడ 19 కిలోమీటర్ల దారంతా పళ్ళే. ఎక్కడంకన్నా దిగడంలోనే పళ్ళు ఎక్కువ అవసరం అని మీకు చెప్పక్కర్లేదు.

గేజి (పట్టాల మధ్య దూరం) సంగతి మీకు నచ్చుతుంది. ఇంటర్‌లాకెన్ నుంచి ఊరికి వచ్చే రైలు (1890) మీటరు గేజి. వెంగెర్నాల్ప్ 800 మిల్లీమీటర్లు. క్లైనె షైడెగ్ నుంచి పైకెక్కే యుంగ్‌ఫ్రావ్ రైలు మళ్ళీ మీటరు గేజి. ఒకే కొండ ఎక్కడానికి మూడు బళ్ళు మారడం అందుకే. యుంగ్‌ఫ్రావ్ రైలును తలపెట్టింది అడాల్ఫ్ గూయర్ త్సెల్లర్ అనే వ్యాపారి. పని 1896లో మొదలైంది, ఆయన 1899లో పోయాడు. 3,454 మీటర్ల యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషనుకు రైలు చేరేసరికి 1912. తొమ్మిది కిలోమీటర్ల చిల్లర దారిలో ఏడు దాకా సొరంగమే. మంచు చరియలు ఏ పట్టానూ బయట బతకనివ్వవు మరి.

పడమటి అరుగుది ఇంకో కథ. 1891లో గ్రూట్ష్‌ఆల్ప్ దాకా తాడుతో లాగే బండి వేశారు. ఒకే తాడుకు రెండు పెట్టెలు. పైదాని తొట్టిలో నీళ్ళు నింపితే అది బరువుకు దిగుతూ కిందిదాన్ని లాక్కొస్తుంది. కింద నీళ్ళు వదిలేస్తారు. నీటికి కొదవలేని కోనలో ఇంత చక్కటి ఇంజను ఇంకోటి లేదు. తర్వాత కరెంటుకు మార్చారు. కానీ ఆ వాలు నేల మెల్లగా జారుతూనే ఉండటంతో 2006లో పట్టాలు తీసేసి రోప్‌వే వేశారు. 2024 చివర్లో ష్టెఖెల్‌బెర్గ్ నుంచి మ్యూరెన్‌కు వచ్చిన కొత్త రోప్‌వే వాలు 159.4 శాతం. 100 శాతమంటే 45 డిగ్రీలు. ఇది 58 డిగ్రీలకు దగ్గర.

వెంగెన్‌కూ మ్యూరెన్‌కూ బయటి కార్లు ఎక్కవు. గ్యాసు బండ దగ్గర నుంచి గడ్డిమోపు దాకా అన్నీ రైలులోనో రోప్‌వేలోనో ఎక్కాలి. కార్లన్నీ కింద లోయలోనే ఆగిపోవడంతో రోడ్డు నిండిపోతోంది. పగటిపూట కారులో వచ్చిపోయేవాళ్ళ దగ్గర రుసుము తీసుకుందామా అని 2024లో ఊరు ఆలోచన మొదలుపెట్టింది. అలిపిరి టోల్‌గేటు తెలిసిన మనకు వింతేమీ కాదు.

ప్రశ్న: 2,400 మందికి సొంత పరిపాలన సాధ్యమా? అధికారాలు ఏముంటాయి?
– పంచాయతీ కార్యదర్శి, చంద్రగిరి

గెమైండె అంటే మన గ్రామ పంచాయతీ అనుకుంటే తేడా పన్ను దగ్గర వస్తుంది. ఆదాయపు పన్నులో కాంటన్ వాటాతో పాటు ఊరి వాటా వేరే ఉంటుంది, అది ఎంతో ఊరే తేల్చుకుంటుంది. బెర్న్ కాంటన్‌లోని చిన్న గెమైండెల్లో బడ్జెట్టు, లెక్కలు ఊరి సభ ముందుకొస్తాయి, చేతులెత్తి తేలుస్తారు. స్విస్ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు ఉండదు, వంశం ఏ గెమైండెకు చెందిందో ఆ ఊరి పేరుంటుంది. ఊరి పేరే ఇంటిపేరైన మనకు ఇది సులువుగా అర్థమవుతుంది. సమాఖ్య స్థాయిలో ఆడవాళ్ళకు ఓటు వచ్చింది మాత్రం 1971లో.

మీ ఉద్యోగానికి పనికొచ్చేది ప్రమాద పటం. మంచు చరియ, వరద, బండలు దొర్లడం – వీటి లెక్క వేసి నేలకు రంగులు వేస్తారు. ఎరుపు రంగులో కొత్త ఇల్లు కట్టకూడదు. నీలంలో షరతులతో కట్టొచ్చు, అంటే కొండవైపు గోడ మందం, కిటికీలు లేకపోవడం లాంటివి. చరియలు ఎక్కువగా పుట్టేది 30 నుంచి 50 డిగ్రీల వాలున, అందుకే ఊరి దగ్గర కాకుండా ఆ వాలునే ఇనుప కంచెలు వరుసలుగా పాతుతారు. బండలు దొర్లడానికి కారణం కూడా నీరే. సందులో చేరి గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి రాతిని చీలుస్తుంది. మన ఘాట్ రోడ్డులో గడ్డకట్టడం ఉండదు. క్వార్ట్‌జైటు పగుళ్ళలో కుండపోత వాన చేరి నెట్టేస్తుంది, 2021లో చూశాం.

ప్రశ్న: అక్కడ చిన్న ఇల్లు కొనుక్కోవచ్చా?
– చిత్తూరు

దాదాపు కుదరదు. బయటి దేశాలవాళ్ళ కొనుగోళ్ళకు 1983 నుంచి ‘లెక్స్ కొల్లర్’ అనే చట్టం అడ్డు. పైగా 2012 ప్రజా ఓటు ప్రకారం ఏ గెమైండెలోనైనా విడిది ఇళ్ళు 20 శాతం దాటితే కొత్తవి కట్టనివ్వరు. ఈ లోయ ఎప్పుడో దాటింది.

ప్రశ్న: అబ్బాయి జ్యూరిక్‌లో ఉన్నాడు. జూన్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. ఆయనకు బీపీ ఉంది. ఏం జాగ్రత్తలు?
– తిరుపతి, భవానీనగర్

జ్యూరిక్ నుంచి ఇంటర్‌లాకెన్ ఓస్ట్ దాకా మామూలు రైళ్ళు. అక్కడ ఎక్కే చిన్న రైలు దారిలో త్స్వైల్యూట్షీనెన్ దగ్గర రెండుగా విడిపోతుంది. ఒక సగం లౌటర్‌బ్రున్నెన్‌కు, ఇంకో సగం గ్రిండెల్‌వాల్ట్‌కు. ఏ సగం ఎటో పెట్టె మీద రాసి ఉంటుంది, చూసి ఎక్కండి. మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. దారి ఇరవై నిమిషాలు.

యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ టికెట్టు ఖరీదైనది. ముందురోజే కొనకండి. పైనున్న కెమెరా దృశ్యాలు పొద్దున స్టేషన్లోనూ ఫోన్లోనూ కనిపిస్తాయి, మబ్బు లేకపోతేనే కొనండి. పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో మూడింట రెండు వంతులే. బీపీ ఉన్నవారు ముందు డాక్టరును అడగండి. వెళ్తే ముందురోజు రాత్రి వెంగెన్‌లోనో మ్యూరెన్‌లోనో గడిపితే ఒంటికి కాస్త అలవాటవుతుంది. పైన మెట్లు తొందరగా ఎక్కకూడదు, తలనొప్పి, కళ్ళు తిరగడం మొదలైతే తర్వాతి రైలుకే దిగిపోవాలి. ఆయన వెళ్ళలేకపోయినా కొదవలేదు. గ్రూట్ష్‌ఆల్ప్ నుంచి మ్యూరెన్‌కు అరుగంచునే పోయే చిన్న రైలులో కూర్చుంటే ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ మూడూ ఎదురుగా ఉంటాయి. ఒకవేళ ప్రయాణం వాయిదా పడితే నవంబరు, ఏప్రిల్ నెలలు వద్దు, రోప్‌వేలు మరమ్మతులకు ఆపుతారు.

జూన్‌లో కూడా స్వెట్టరు, వాన కోటు తీసుకెళ్ళండి. నీళ్ళ సీసాలు కొనక్కర్లేదు, ఊళ్ళలో వీధి పక్క తొట్టెల్లోకి పడే ఊటనీరు తాగేదే. ‘కైన్ ట్రింక్‌వాసర్’ అని పలక కట్టిన చోట మాత్రం పట్టుకోకండి, అది తాగే నీరు కాదు.